కట్టిన ఆకాశం

విమానం వచ్చిందని తలెత్తి చూసేవాళ్ళు చింతబోడులో ఎవరూ లేరు. శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీకి ఇవతలే ఉన్న ఊరాయె. పొద్దస్తమానం ఒకటి దిగుతూనే ఉంటుంది, ఇంకొకటి లేస్తూనే ఉంటుంది. ఆ మోత వచ్చినప్పుడు మాట్లాడుకునేవాళ్ళు మాట ఆపుతారు, అది దాటిపోయాక ఆపినచోటి నుంచే అందుకుంటారు. ఉయ్యాలలో పసిపాప కూడా ఉలిక్కిపడదు. బయటి ఊళ్ళ చుట్టాలు వచ్చి "అబ్బో, ఎంత కిందికెల్లి పోతున్నదో!" అని నోరు తెరిస్తే, ఊరివాళ్ళు వాళ్ళకేసి జాలిగా చూస్తారు.

అలాంటి ఊళ్ళో, దసరా వెళ్ళిన తర్వాత వారం పాటు అందరి మెడలూ పైకే ఉన్నాయి. దానికి కారణం రుక్కమ్మ.

రుక్కమ్మ నోట్లో మాట దాగదు. చదువు లేదు గానీ, ఆమె బుర్రలో పడ్డది ఏదీ చెరిగిపోదు. ఏదైనా పాత సంగతి అడిగారా, ఆ ఏడు ఎవరి బర్రె ఈనిందో, ఆ దూడ నుదుట చుక్క ఏ రంగుదో, ఆ దూడను కొన్నవాడి పెళ్ళిలో పప్పు ఎట్లా అడుగంటిందో అంతా చెప్పిగానీ వదలదు. అలాంటి మనిషికి చెప్పుకోదగ్గ కొత్త సంగతి ఒకటి దొరికింది. ఇక ఊరుకుంటుందా?

ఆమె మనవరాలు సంతోషి విమానం నడపడం నేర్చుకుంటోంది.

ఈ కల ఆ పిల్లకు ఎక్కడినుంచి వచ్చిందంటే, రుక్కమ్మ కొంగు పట్టుకొని తిరిగినప్పుడే వచ్చింది. రుక్కమ్మ వాళ్ళ మక్కచేను, మామగారు తవ్విన మోటబావి ఇప్పుడు రన్‌వే కింద ఉన్నాయి. చేను పోయినా మేకలు మిగిలాయి. వాటిని తోలుకొని నాయనమ్మా మనవరాలూ ప్రహరీ వెంబడే తిరిగేవాళ్ళు. పిల్ల మేకలను చూసేది కాదు. గోడకు అవతల లేచే వాటి తోకల రంగులు చూసి, ఇది ఇక్కడిది, అది ఎక్కడిదో దూరంది అని చెప్పేది. "మేకలను సూడవే పిల్లా" అంటే, "నేను అండ్ల ముందల కూసుంట బాపమ్మా, ఎనక కాదు" అనేది. అన్నట్టే చేసింది. శంషాబాద్ కాలేజీలో చదివి, పరీక్షలు రాసి, ఊరికి తూర్పున చిన్న విమానాలు దిగే మైదానం ఒకటి ఉంటే అక్కడ బడిలో చేరింది. అక్కడి హాస్టల్లోనే ఉంటోంది. ఆ విమానంలో రెండే సీట్లు. నేర్పేవాడు ఒకడు, నేర్చుకునేది ఒకతె.

మొన్న ఫోన్ చేసి, "బాపమ్మా, ఆదివారం నేను ఒక్కదాన్నే దూరం పోతున్న. పక్కన సారు ఉండడు" అని చెప్పింది. అంతే చెప్పింది.

మిగతాది రుక్కమ్మ కట్టుకుంది. అందులో ఆమె తప్పేం లేదు. చింతబోడులో ఎవరు కొత్త బండి నడిపినా, ట్రాక్టరు గానీ ఆటో గానీ, మొదట ఊళ్ళోకే తెస్తారు. పోచమ్మ గుడి చుట్టూ మూడు చుట్లు తిప్పుతారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఆ తర్వాతే బండి పనిలోకి పోతుంది. అద్దెకు తోలే బండైనా సరే, అది మొదటిసారి చేతికి వచ్చినరోజు ఈ మొక్కు తప్పదు. మరి ఆడపిల్ల మొదటిసారి విమానం ఒక్కతే తీసుకొని బయలుదేరితే, ఇంకెక్కడికి వస్తుంది?

తెల్లారి పాలకేంద్రం దగ్గర క్యాన్ దించుతూనే చెప్పేసింది.

"ఆదివారం మా సంతోషి ఒక్కతే విమానం తీస్తది. మన ఊరి మీదికే వస్తది. పోచమ్మకు మూడు సుట్లు తిరిగి పోతది. అందరు సూడుండ్రి."

పాలు పోసేవాళ్ళంతా ఆమె చుట్టూ మూగారు. ఆమె తోటికోడలు స్వరాజ్యం మాత్రం చేతులు కట్టుకొని నిలబడ్డది. వయసులో చిన్నదే గానీ, రుక్కమ్మ ఏది చెప్పినా అందులో బొక్క వెతకడం ఆమెకు పాత అలవాటు.

"అది సరే అక్కా, మరి విమానం టైర్ల కింద నిమ్మకాయలు ఎవలు పెడ్తరు? నిచ్చెన ఏస్తవా?"

అందరూ గొల్లుమన్నారు.

"నిచ్చెన నేనేస్త, నువ్వు ఎక్కు. నీ నోరు సూసి విమానమే కిందికి దిగుతది" అంది రుక్కమ్మ. మళ్ళీ గొల్లుమన్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ ఊళ్ళో శేఖర్ ఉన్నాడు. డీసీఎం వ్యాను నడుపుతాడు, ఊళ్ళో ఏ పండగైనా ముందు నిలబడతాడు. సాయంత్రానికల్లా ఊరి మొగదల ఫ్లెక్సీ వెలిసింది. 'చింతబోడు ఆడబిడ్డకు స్వాగతం' అని పెద్ద అక్షరాలు, పక్కన సంతోషి బొమ్మ, ఆమె వెనక నాలుగు ఇంజన్ల పెద్ద విమానం. డప్పులు మాట్లాడారు. దీపావళికి తెచ్చిపెట్టుకున్న రాకెట్లు ముందే కాలుద్దామనుకున్నారు. పక్క ఊళ్ళ ఆడపడుచులకు కూడా కబురు పోయింది.

రుక్కమ్మ కొడుకు, సంతోషి తండ్రి శ్రీకాంత్ డ్యూటీ దిగి వచ్చి ఆ ఫ్లెక్సీ చూసి తల పట్టుకున్నాడు. అతను విమానాశ్రయంలోనే సామాన్ల బండ్లు లాగే ట్రాక్టరు నడుపుతాడు.

"అమ్మా, గట్ల రానియ్యరే. ఈడ పెద్ద విమానాలు దిగుతయి. సిన్నయి ఇటు దిక్కు రావద్దు."

"ఎవలు రానియ్యంది? అది మన చెలక మీది ఆకాశం కాదారా?"

"చెలకనే మనది కాదిప్పుడు. ఆకాశం ఎట్ల మనదైతది?"

"మరి ఎవలను అడుగాలె? నువ్వు లోపట్నే పనిచేస్తున్నవ్ గద, అడుగు."

"నేను సూట్‌కేసులు లాగేటోన్ని. వాళ్ళ మొఖం కూడ నేను సూడలే."

కొడుకు అడగకపోతే తల్లి అడుగుతుంది. మర్నాడు రుక్కమ్మ తలకు నూనె పెట్టుకొని, ఇస్త్రీ చీర కట్టుకొని, సంచిలో కొబ్బరికాయ, తమలపాకులు, పసుపు కుంకుమ పెట్టుకుంది. రెండో చేతిలో గట్టి పెరుగు ముంత. ఆటో ఎక్కి విమానాశ్రయం సరుకు లారీలు పోయే గేటు దగ్గర దిగింది. ఆ గేటే ఎందుకంటే, అక్కడ కాపలా ఉండే ఖదీర్ అతని చిన్నప్పటినుంచి ఆమెకు తెలుసు. శంషాబాద్ బస్తీలో వాళ్ళ అమ్మకు రుక్కమ్మే పాలు పోసేది.

"ఖదీరూ, బాగున్నవా బిడ్డా?"

"అరె, రుక్కమ్మమ్మా! సలాం. గింత ఎండల ఏంది? ఎవలన్న ఊరికి పోతున్నరా?"

"ఎవలు పోతలేరు. వస్తున్నరు. నీ తోని పని బడ్డది. ఆదివారం మా పిల్ల విమానం మీద మన ఊరికొస్తది. గేటు తియ్యాలె."

ఖదీర్ ముందు నవ్వాడు. ముసలామె నవ్వడంలేదని చూసి నవ్వు ఆపుకున్నాడు.

"అమ్మా, నా గేటు జమీన్ మీద. లారీ వస్తే తీస్త, జీపు వస్తే తీస్త. ఆస్మాన్‌ల నాకు గేటు లేదు."

"మరి ఎవలకున్నది?"

అతను దూరాన నిలువునా లేచి ఉన్న టవరు చూపించాడు. "గా మీనార్ల కూసున్నోళ్ళకు. మనకు కనవడరు. రేడియోల వాళ్ళ ఆవాజ్ ఒక్కటే పోతది. వాళ్ళు రమ్మంటే వచ్చుడు, వద్దంటే వాపస్ పోవుడు. గింత పెద్ద విమానం నడిపేటోడు కూడ వాళ్ళ మాట దాటడు."

"అయితే ఈ కాయ, కుంకుమ వాళ్ళకియ్యి. రుక్కమ్మ అడిగిందని చెప్పు. ఎన్నడూ ఏం అడుగలే నేను. చెలక తీస్కున్ననాడు కూడ అడుగలే."

ఖదీర్ ఆ కాయ అందుకోలేదు. లారీ ఒకటి హారన్ కొడితే గేటు తీసి, పంపించి, మళ్ళీ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"గా మీనార్ దాకా పోనీకి నాకే ఇజాజత్ లేదమ్మా. కాయ వాపస్ తీస్కపో. పెరుగు కూడ డ్యూటీల ముట్టొద్దు. సాయంత్రం ఇంటికి పంపు, అజ్రాకు పానం." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "సంతోషి మన శంషాబాద్ బేటీ. అది ఇజాజత్ లేకుంట హద్దు దాటితే ఆమె కాయిదాలు తీస్కుంటరు. జర సోచాయించు."

అజ్రా అంటే ఖదీర్ భార్య. ఆమెకు పెరుగైతే పంపింది గానీ, రుక్కమ్మకు ఆ సాయంత్రం అన్నం సహించలేదు. ఇన్నేళ్ళలో ఆమె ఒక మాట అని వెనక్కి తీసుకున్నది లేదు.

శుక్రవారం పొద్దుగూకే వేళ సంతోషి ఇంటికి వచ్చింది, ఉతికిన బట్టలు తీసుకుపోదామని. ఊరి మొగదల నాలుగు ఇంజన్ల విమానం ముందు నవ్వుతున్న తన బొమ్మ చూసుకొని, అక్కడే కాసేపు నిలబడి, ఇంట్లోకి వచ్చింది.

"బాపమ్మా, ఏం జేసినవే నువ్వు?"

తల్లి ప్రేమలత వంటింట్లోంచే అందుకుంది. "ఇంకా అడుగుతున్నవా? అత్తమ్మ టవర్ల కూసున్నోళ్ళకు కొబ్బరికాయ తీస్కపోయింది."

సంతోషికి నవ్వు ఆగలేదు. నాయనమ్మ ముఖం చూశాక ఆగింది. వాకిట్లో కోడిపిల్లల మీద కప్పే గంప ఉంటే తెచ్చి, రుక్కమ్మ ముందు బోర్లించింది.

"ఇటు సూడు. గీ గంప కింద మన విమానాశ్రయం ఉన్నది. గంప లోపలంత పెద్ద విమానాలు ఎక్కే దిగే జాగ. నా విమానం గింతే." వేరుశనగ గింజ ఒకటి తీసి గంప బయట పెట్టింది. "నేను గంప బయట తిరగాలె. లోపలికి రావాలంటే వాళ్ళు రమ్మనాలె. మన ఊరు గంప నడుమల ఉన్నది."

"అడుగు మరి. రమ్మంటరు."

"పని ఉన్నోళ్ళు అడుగుతరు. పోచమ్మ సుట్టూ తిరుగుతా అని అడుగనీకి వస్తదా? నేనింక నేర్చుకునేదాన్ని."

"అంత సిన్నదానితోని వాళ్ళకేం అడ్డం?"

"సిన్నది కాబట్టే. పెద్ద విమానం పోయినంక దాని ఎనక గాలి సుడి తిరుగుతది. కంటికి కనవడదు. నేను అండ్ల పడితే," సంతోషి వేరుశనగ గింజను వేలితో తిప్పింది, అది గిరగిర తిరిగి గడప కిందికి పోయింది.

రుక్కమ్మ గడప కిందికి పోయిన గింజను చూస్తూ కూర్చుంది. సరిగ్గా అప్పుడే స్వరాజ్యం లోపలికి వచ్చింది. ఆమె ఎప్పుడూ అలాంటప్పుడే వస్తుంది.

"వచ్చినవా బిడ్డా? మీ బాపు అంటున్నడట గద, విమానం రానియ్యరని. నేను ముందే అనుకున్న. పాపం, మీ బాపమ్మ ఊరంత చాటింపేసే!"

"ఎవలన్నరు రాదని?" రుక్కమ్మ గొంతు లేచింది. "వస్తది! మూడు సుట్లు తిరుగుతది! నువ్వు కండ్లు కడుక్కొని కూసో!"

స్వరాజ్యం కళ్ళు పెద్దవి చేసి, "సరే అక్కా, కడుక్కుంట" అని వెళ్ళిపోయింది. పైన ఒక విమానం దిగుతూ పోయింది. ఆ మోత తగ్గేదాకా సంతోషి ఆగింది.

"బాపమ్మా, నేను పోయే తొవ్వ గంప అంచుకే ఉంటది. రెండు నిమిషాలు లోపలికి తిప్పితే ఊరు వస్తది. నువ్వు రమ్మంటే వస్త."

ప్రేమలత వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డది.

"వస్తే ఏమైతది?" అంది రుక్కమ్మ.

"వాళ్ళకు కనవడ్తది. ఎందుకొచ్చినవంటే నా దగ్గర జవాబు లేదు. మల్ల ఎక్కనియ్యకపోవచ్చు. కానీ నీ మాట పోవద్దు. నన్ను గోడ ఎంబడి తిప్పింది నువ్వే. నువ్వేమంటే అది చేస్త."

ఆ పిల్ల మాట తప్పే మనిషి కాదని రుక్కమ్మకు తెలుసు. రమ్మంటే నిజంగానే వస్తుంది. భయం అక్కడే పుట్టింది. ఇంతసేపూ పరువు ఊరివాళ్ళ చేతిలో ఉందనుకుంది. ఇప్పుడు చూస్తే పిల్ల బతుకు తన నాలుక చివర ఉంది.

అప్పుడు ఆమెకు అత్త ఈరమ్మ జ్ఞాపకం వచ్చింది.

రుక్కమ్మ కొత్త కోడలిగా వచ్చిన ఏడు. ఆ రోజుల్లో పశువులకు రోగం తగిలినా, వానలు పట్టకపోయినా ఊరు కట్టేవాళ్ళు. ఊరు చుట్టూ బూడిద గీత గీసి, దారుల మీద వేపమండల తోరణం కట్టి, పోచమ్మకు మొక్కు తీరేదాకా బయటివాళ్ళ కాలు లోపలికి పడనిచ్చేవాళ్ళు కాదు. ఊళ్ళోవాళ్ళు గీత దాకా పోవచ్చు, అంతే. అలా ఊరు కట్టిన రోజే ఈరమ్మ సొంత తమ్ముడు బండి కట్టుకొని వచ్చాడు. అక్కకు మొట్టమొదటిసారి తన చేతిమీద పండిన జొన్నలు తెచ్చాడు. తెల్లవారక ముందు బయలుదేరిన మనిషి, ఎండ మండుతుంటే తోరణం అవతల నిలబడి, "అక్కా, నేనేనే!" అని పిలిచాడు. ఊరి పెద్దమనుషులే మెత్తబడ్డారు. "పోనీ, ఈరమ్మ తమ్ముడే గద, రానియ్యుండ్రి" అన్నారు.

ఈరమ్మ ఒప్పుకోలేదు. "నా తమ్మునికి గీత లేకుంటే రేపు ఎవలకుంటది?" అంది. కానీ ఇంట్లో కూర్చొని ఏడవలేదు. అన్నం వండింది, కూర వండింది, పెద్ద చెంబు నిండా నీళ్ళు నింపి కోడలి చేతికిచ్చింది. ఇద్దరూ గీత దాకా నడిచి వెళ్ళారు. గీత ఇవతల కూర్చొని అక్క వడ్డిస్తే, అవతల కూర్చొని తమ్ముడు తిన్నాడు. తర్వాత ఏళ్ళ తరబడి ఊరు చెప్పుకుంది ఆ సంగతి. ఆ తమ్ముడే అందరికన్నా ఎక్కువ చెప్పుకున్నాడు, "మా అక్క అంటే మా అక్కే" అని.

రుక్కమ్మ లేచి గంపను తీసి గోడకు ఆనించింది.

"రాకు" అంది.

"మరి ఊరోళ్ళు?"

"ఊరోళ్ళ సంగతి నేను సూస్కుంట. నువ్వు పోయే తొవ్వ చెప్పు. యాడికెల్లి పోతవ్?"

"షాద్‌నగర్ దాటినంక రైలు పట్టాలు పట్టుకొని దక్కనం దిక్కు పోత. పొద్దుగాలనే. ఎండ ఎక్కకముందే."

"ఆ పట్టాల పక్కన పెద్ద బండ ఒకటి ఉన్నది. మీ తాత మేకలు కొన్న ఊరు. ఆడ గంప ఉండదా?"

"ఉండది."

"అయితే నువ్వు నీ తొవ్వల నువ్వు పో. మా దిక్కు సూడకు కూడ. సూసే పని మాది."

శనివారం పొద్దున పాలకేంద్రం దగ్గర రుక్కమ్మ క్యాన్ దించి, నడుం మీద చెయ్యి వేసుకొని నిలబడ్డది. ఎప్పుడూ ఆమె మాటలు మొదలుపెడితే నవ్వు మొహాలతో వినేవాళ్ళు, ఆ రోజు ఆమె నిలబడ్డ తీరు చూసి క్యాన్లు కింద పెట్టారు.

"సంతోషి ఊరి మీదికి రాదు. నేనే రావద్దన్న."

ఎవరో కిసుక్కుమన్నారు. స్వరాజ్యం, "కండ్లు కడుక్కొని కూసున్న గదా అక్కా!" అంది.

"సగమే కడుక్కున్నట్టున్నవ్, ఇంక జర కడుగు" అంది రుక్కమ్మ. "మన ఊరు కట్టినప్పుడు ఎవలనన్న రానిచ్చినమా? మా అత్త సొంత తమ్మున్ని నిలవెట్టింది. నీకు గూడ ఆమెనే అత్త గద స్వరాజ్యం. గట్లనే మన మీద ఆకాశం కట్టి ఉన్నది. ఒక్కనాడు కాదు, రోజూ. పొద్దున మనం లేచేసరికి ఎన్ని విమానాలల్ల ఎంతమంది మన నెత్తిమీదికెల్లి దిగుతున్నరు? ఎన్నడన్న ఒక్కటి మన ఇండ్ల మీద పడ్డదా? ఎందుకు పడలే? కట్టినోళ్ళు గట్టిగ కట్టిన్రు కాబట్టి. నా మనవరాలు తెంపి వస్తదా ఆ కట్టు? నేను రమ్మంటే వస్తనన్నది. నేనే వద్దన్న."

పాలు కొలిచే పిల్లవాడు కూడా కొలత ఆపి వింటున్నాడు.

"మరి ఇగ మనం సూసుడెట్ల పెద్దమ్మా?" అన్నాడు శేఖర్ దిగాలుగా. అతని డప్పులు, ఫ్లెక్సీ, అన్నీ పోయినట్టే కదా.

"తమ్ముడు గీత కాడ నిలబడితే మా అత్త ఇంట్ల కూసున్నదా? గీత దాక పోయింది. మనం గూడ పోదాం. షాద్‌నగర్ అవతల బండ ఉన్నది, దాని మీదికెల్లి పోతది సంతోషి. నీ డీసీఎం కడిగి పెట్టు."

శేఖర్ ముఖం వెలిగింది. "కడుగుడేంది పెద్దమ్మా, పూలదండ ఏస్త! రాకెట్లు కూడ ఆడికే..."

"రాకెట్టు గీకెట్టు ఏదన్న పైకి లేసిందంటే నిన్ను ఆ బండకే కట్టేసి వస్త. పతంగి వద్దు, బెలూన్ వద్దు. ఆ పిల్ల తొవ్వల ఈగ కూడ ఎగరొద్దు. డప్పులు తెచ్చుకో. డప్పు సప్పుడు అంత దూరం పోదు."

ఆదివారం తెల్లవారేసరికి డీసీఎం నిండింది. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టారు. కొందరు ట్రాక్టర్ల మీద వచ్చారు. స్వరాజ్యం రానంటుందేమో అనుకున్నారు గానీ, అందరికంటే ముందు వ్యాన్లో క్యాబిన్ పక్కన చోటు పట్టుకొని కూర్చుంది. "నాకేం, షాద్‌నగర్ల మా చెల్లె ఉంటది, ఆమెను సూడనీకి వస్తున్న" అంది ఎవరూ అడగకపోయినా. దారిలో షాద్‌నగర్ వస్తే మాత్రం దిగలేదు. రుక్కమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆమె ఒడిలో ఈరమ్మనాటి రాగి చెంబు ఉంది, మూత కట్టి, నిండా నీళ్ళతో.

బండ దగ్గరికి చేరేసరికి రుక్కమ్మ కబురు అంది ఖదీర్, అజ్రా స్కూటర్ మీద వచ్చి అక్కడే నిలబడి ఉన్నారు. అతనికి ఆ రోజు సెలవు. అజ్రా పెరుగు ముంత తిరిగి ఇచ్చింది. కడిగిన ముంత ఉత్తగా ఇవ్వకూడదని అందులో సేమ్యా పాయసంలాంటి షీర్ కుర్మా పోసి తెచ్చింది. ప్రేమలత దాన్ని చేతిలో పట్టుకునే నిలబడ్డది, ఎక్కడ పెట్టాలో తోచక. మాటిమాటికీ మొగుణ్ణి అడుగుతోంది, "గాలి ఎక్కువున్నదా ఏంది?" అని. శ్రీకాంత్ వేలు తడిపి గాలిలో పెట్టి, "లేదు లేదు" అంటున్నాడు, వేలికి ఏం తెలిసిందో అతనికే తెలియాలి.

బండ నల్లగా, చల్లగా ఉంది. కింద రైలు పట్టాలు మెరుస్తున్నాయి. ఎప్పుడూ పైకి చూడని ఊరు ఊరంతా మెడలు వెనక్కి వాల్చి నిలబడ్డది. కాకి ఎగిరినా "అదే అదే" అన్నారు. గద్ద ఒకటి తిరిగితే శేఖర్ డప్పువాళ్ళకు సైగ కూడా చేసేశాడు. వాళ్ళు వాయించేశారు. గద్ద భయపడి పోయింది.

ఆ తర్వాత వచ్చింది.

ముందు చప్పుడు వచ్చింది. ఊరివాళ్ళకు అలవాటైన మోత కాదు, కుట్టుమిషన్ తొక్కినట్టు సన్నగా, విడవకుండా. ఉత్తరం నుంచి పట్టాల వెంబడి తెల్లగా ఒక చుక్క. చుక్కకు రెక్కలు వచ్చాయి. రెక్కల కింద చిన్న చక్రాలు కూడా కనబడ్డాయి. బియ్యంలో వడ్లగింజంత ఉంది, అంతే. ఇంత పెద్ద ఆకాశంలో ఆ గింజ, ఆ గింజలో ఒక్క పిల్ల, ఆ పిల్ల పక్క సీటు ఖాళీ.

డప్పు కొట్టేవాళ్ళు కొట్టడం మరిచిపోయారు. మొదట అరిచింది స్వరాజ్యం.

"సంతోషీ! అగో మన సంతోషి! ఓ బిడ్డా! సంతోషీ!"

చీర కొంగు రెండు చేతులతో పట్టుకొని ఊపుతూ, గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. ఇక అందరూ అందుకున్నారు. డప్పులు మోగాయి. అజ్రా చేతులు రెండూ పైకెత్తి ఏదో చదువుకుంది. శ్రీకాంత్ మాత్రం అరవలేదు. నోరు తెరిచి నిలబడి, ఆ తెల్లచుక్క ఎటు కదిలితే అటు తల తిప్పుతున్నాడు.

రుక్కమ్మ కళ్ళు చికిలించి ఒకే ఒకటి చూస్తోంది. కింద పట్టాలు, పైన విమానం. అది ఇటు వంగలేదు, అటు వంగలేదు. కిందికి దిగలేదు. రెక్క ఆడించలేదు. గీటు గీసినట్టు వచ్చి, అందరి తలల మీదుగా గీటు గీసినట్టే దక్షిణానికి పోయింది. చప్పుడు సన్నబడింది, చుక్కయింది, లేకుండా పోయింది.

"ఒక్క సుట్టన్న తిరుగకపాయె," అంది ఎవరో ముసలామె. "రెక్కన్న ఊపకపాయె."

"ఊపితే నేనే తిట్టేదాన్ని" అంది రుక్కమ్మ. ఆమె గడ్డం ఇంకా పైకే ఉంది. "సూసిన్రా ఎట్ల పోయిందో? కిందికెల్లి ఊరు ఊరంత పిలుస్తుంటే, తొవ్వ ఇడువలేదు. ఈరమ్మ ఇంటి పిల్ల అది."

ఎవరూ బండ దిగలేదు. పిల్ల ఎక్కడో దిగి, అక్కడినుంచి మళ్ళీ లేచి, వేరే దారిన తన మైదానానికి పోవాలి. అప్పటిదాకా అక్కడే ఉందామన్నారు. అజ్రా తెచ్చిన షీర్ కుర్మా తలా ఒక చెంచా పంచారు. ఎండ బండ మీదికి పాకింది. చాలాసేపటికి ప్రేమలత ఫోన్ మోగింది. శ్రీకాంత్ తీసి, తల్లి చెవి దగ్గర పెట్టాడు.

"దిగిన బాపమ్మా. సారు చెయ్యి కలిపిండు." కాసేపు గాలి చప్పుడు. "పట్టాల పక్కన బండ మీద ఏందో రంగురంగులుగ కనవడ్డది. మీరేనా?"

"సూడొద్దన్న గద."

"కంట్ల పడ్డది. తిప్పబుద్ధయింది బాపమ్మా. తిప్పలే."

"ఎరుకే" అంది రుక్కమ్మ. "నేను సూసిన."

ఫోన్ కొడుకు చేతికిచ్చింది. అప్పటిదాకా ఆపుకున్న నీళ్ళు కళ్ళలోంచి బొటబొటా రాలాయి, ఆమె తుడుచుకోలేదు. డప్పులు మళ్ళీ అందుకున్నాయి. శేఖర్ ఆడుతున్నాడు, ఖదీర్‌ను కూడా లాగాడు. బండ మీద కూలబడి ఉన్న స్వరాజ్యం తన మెడ పట్టుకొని, తెగిపోయిన గొంతుతో గుసగుసగా అంది.

"అక్కా, ఆ చెంబు ఇటియ్యవే. అరిసి అరిసి పానం పోయింది నాకు."

అవి పిల్లకోసం తెచ్చిన నీళ్ళు. గీత దాకా వచ్చినవాళ్ళకు ఇవ్వాల్సిన నీళ్ళు. రుక్కమ్మ ముడి విప్పి, మూత తీసి, చెంబు తోటికోడలి నోటికి తానే అందించింది.

"తాగు" అంది. "మెల్లగ తాగు. రేపు పాలకేంద్రం కాడ ఇదంత నువ్వే చెప్పాలె."